తట్టువ గుర్రములకు పచ్చిక మేత – ఇన్సులిను – గిట్టల వాపు

పశువును పచ్చికలో విడిచిపెట్టుట దానికి మేలు చేయుటయే అని మన రైతులకు గట్టి నమ్మకము. ఎద్దు విషయమునను, ఆవు విషయమునను ఆ నమ్మకము చాలవరకు నిజము. కాని కొన్ని తట్టువ గుర్రముల విషయమున ఈ దయయే ప్రాణాపాయము తెచ్చుచున్నది. మోకాలెత్తు పచ్చికలో విడిచిన తట్టువ నెల తిరుగకముందే అడుగు తీసి అడుగు వేయలేని స్థితికి వచ్చును. యజమాని రాయి గుచ్చుకొన్నదనుకొనును, నాడా బిగిసినదనుకొనును. అసలు కారణము గిట్టలో లేదు. అది మేసిన గడ్డిలోను, ఆ గడ్డి దాని రక్తములో రేపిన హార్మోనులలోను ఉన్నది.

ఈ రోగమును పశువైద్యులు లామినైటిస్ అందురు. మనము గిట్టల వాపు అని చెప్పుకొందము. వేల్సు, డార్ట్‌మూరు, ఎక్సుమూరు, షెట్లాండు వంటి బ్రిటిషు కొండజాతి తట్టువలలో ఇది తరచుగా కనిపించును. ఆ జాతులు వ్యాపించిన అమెరికా, ఆస్ట్రేలియా దేశములలోను ఇది చిరకాలముగా తెలిసినదే. అయితే గడ్డికిని, గిట్టకును నడుమ ఉన్న లంకె ఇన్సులిను అని రూఢిగా తెలిసినది మాత్రము గత ఇరువది సంవత్సరములలోనే.

గిట్ట నిర్మాణము

గుర్రపు గిట్ట పైకి కొమ్ము వంటి గట్టి డొల్ల. లోపల ఒక ఎముక ఉన్నది. ఆ ఎముక డొల్ల అడుగున ఆని నిలుచుట లేదు. పుస్తకపు పుటల వలె ఒకదానిలోనొకటి చొచ్చుకొని యున్న పలుచని రేకులు ఆ ఎముకను డొల్ల గోడలకు వ్రేలాడదీసి పట్టియుంచును. గుర్రము బరువంతయు ఈ రేకుల మీదనే ఆధారపడియున్నది.

ఈ రేకులు సాగి, బలహీనపడి, పట్టు వదలినప్పుడు కలుగు బాధయే గిట్టల వాపు. పట్టు పూర్తిగా సడలినచో ఎముక లోపలనే క్రిందికి వంగి అరికాలిని నొక్కును. అంతవరకు వచ్చిన గుర్రము మరల నడచుట కష్టము. బాధ తీరు మార్గము లేక అనేక గుర్రములకు వైద్యులే సుఖమరణము కలిగింపవలసి వచ్చుచున్నది. కనుక ఇది కుంటి అని తేలికగా తీసివేయదగిన రోగము కాదు.

ఇన్సులిను చేయు పని

1921లో కెనడాలోని టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు అను శాస్త్రజ్ఞులు ఇన్సులినును వేరుచేసిరి. తరువాత చాలా కాలము మనుష్యుల మధుమేహ చికిత్సకు ఎద్దుల, పందుల క్లోమము నుండియే దానిని తీసెడివారు. క్లోమము కడుపులో జీర్ణాశయము చెంతనుండు గ్రంథి. మేతలోని పిండి, చక్కెర జీర్ణమై రక్తములో చేరగానే క్లోమము ఇన్సులినును విడుచును. అది చక్కెరను కండలకును, కొవ్వునకును చేర్చి, రక్తములోని చక్కెరను మామూలు స్థితికి తెచ్చును. ఆరోగ్యముగల గుర్రములో మేత తిన్న కొంతసేపటికి ఇన్సులిను పెరిగి, పని ముగియగానే తగ్గిపోవును.

కొన్ని తట్టువలలో ఈ క్రమము తప్పును. కొద్దిపాటి చక్కెర లోనికి పోయినను క్లోమము అవసరమునకు మించి ఇన్సులినును విడుచును. విడిచిన ఇన్సులిను మాటను కండలు సరిగా వినవు. కనుక క్లోమము మరింత విడుచును. గంటల తరబడి రక్తములో ఇన్సులిను నిండియుండును.

ఇచ్చట ఒక విషయమును జాగ్రత్తగా గమనింపవలెను. మనుష్యుల మధుమేహములో రక్తములోను, మూత్రములోను చక్కెర హెచ్చును. ఈ తట్టువలలో అట్లు కాదు. వాని క్లోమము అలసిపోక ఇన్సులినును పోయుచునే యుండును గనుక రక్తములోని చక్కెర సాధారణముగా మామూలుగానే యుండును. చక్కెర పరీక్ష మాత్రమే చేయించి "ఏమియు లేదు" అని ఊరడిల్లువారు మోసపోవుదురు. పరీక్షింపవలసినది ఇన్సులినును. అదియు పరగడుపున చేసిన పరీక్షలో బయటపడకపోవచ్చును. కొలిచిన చక్కెర పాకమును త్రాగించి, గంట, గంటన్నర తరువాత రక్తము తీసి చూచినచో దాగియున్న దోషము తేలును.

ఇన్సులినే దోషి యని తెలిసిన విధము

పూర్వము గిట్టల వాపునకు ప్రేగులలో మేత పులియుట వలన పుట్టు విషములే కారణమని యెక్కువగా భావించిరి. గింజల బస్తాలో తల దూర్చి మితిమీరి తిన్న గుర్రమునకు వచ్చు వాపు అట్టిదే. గింజలు మితిమీరి తిన్న గేదెలు, ఎడ్లు కడుపు పులిసి, పిదప గిట్టలు నొచ్చుట మన రైతులు ఎరిగినదే. కాని పచ్చికలో మేసి కుంటిపడు తట్టువలలో చాలవాటికి ప్రేగులలో అట్టి కల్లోలము కనిపించదు.

2007లో ఆస్ట్రేలియాలోని క్వీన్సులాండు విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఒక ప్రయోగమును ప్రకటించిరి. ఏ రోగమును లేని తట్టువలను తీసికొని, రక్తనాళము ద్వారా ఇన్సులినును ఎడతెగక ఎక్కించిరి. చక్కెర పడిపోకుండ దానిని కూడ తగినంత ఎక్కించిరి. 72 గంటలు తిరుగక ముందే ఇన్సులిను పొందిన తట్టువలన్నిటికిని గిట్టల వాపు వచ్చెను. మేత మారలేదు, ప్రేగులు చెడలేదు, రక్తములో చక్కెర హెచ్చలేదు. హెచ్చినది ఇన్సులిను ఒక్కటే. 2010లో పెద్దజాతి గుర్రముల మీద 48 గంటలు ఇట్లే చేసి చూడగా వానికిని అదే గతి పట్టెను. దీనితో ఇన్సులిను అతిగా నిలిచియుండుటయే గిట్ట రేకులను సాగదీసి చెరచుచున్నదని స్థిరపడెను.

అందరికీ రాదు, కొన్నిటికే వచ్చును

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున వేల్సు, డార్ట్‌మూరు జాతుల తట్టువల మంద యొకటి పరిశీలింపబడెను. 2006లో ప్రకటితమైన ఆ పరిశీలనలో 160 తట్టువలు ఉన్నవి. మంద ఒకటే, పచ్చికయు ఒకటే. అయినను వసంత కాలమున పచ్చిక బలిసినప్పుడు కొన్ని తట్టువలే కుంటిపడెను. ముందుగానే ఇన్సులిను హెచ్చుగానుండి, ఒడలు బలిసి, రక్తములో కొవ్వు అధికముగా ఉన్నవే ఎక్కువగా రోగమునకు లోనయ్యెను. ఆ గుణము వంశములలో కూడ నడచుచున్నట్లు కనుగొనిరి.

దీనికి మూలము ఆ తట్టువల పుట్టుకలోనే ఉన్నది. కొండలలో, గాలివానలలో, సన్నని గడ్డి తిని బ్రతికిన జాతులవి. వేసవిలో దొరికినంత తిని కొవ్వు కూడబెట్టుకొని, చలికాలమున చిక్కి, మరల వసంతమున కోలుకొనెడివి. పొదుపరియైన ఒడలు అది. పాడి ఆవుల కొరకు విత్తిన బలమైన రై గడ్డి బీటిలో ఆ పొదుపరిని ఏడాది పొడుగున నిలిపినచో కూడబెట్టుటయే గాని ఖర్చు చేయు కాలము రాదు. పనియు లేదు. కొవ్వు ఏటికేడు పేరుకొనును.

పచ్చిక రేపు ఇతర హార్మోనులు

పచ్చిక మేత ఇన్సులినును మాత్రమే కదలించి ఊరకుండదు. మరి మూడు చోట్ల దాని ప్రభావము చూడవచ్చును.

మొదటిది ప్రేగు. చక్కెర చిన్నప్రేగునకు చేరగానే అచ్చటి కణములు జీ.ఎల్.పీ.-1, జీ.ఐ.పీ. అను హార్మోనులను విడుచును. "మేత వచ్చుచున్నది, సిద్ధముగా నుండుము" అని ఇవి క్లోమమునకు పంపు కబురు వంటివి. కనుకనే అంతే చక్కెరను నేరుగా రక్తములో ఎక్కించినప్పటికంటె నోటి ద్వారా తినిపించినప్పుడు ఇన్సులిను హెచ్చుగా లేచును. పచ్చికలో మేయు తట్టువ ప్రతి గుక్కతోను ఈ కబురును పంపుచునే యుండును.

రెండవది కొవ్వు. కొవ్వు ఊరక పడియుండు సరుకు కాదు. అదియు హార్మోనులను పుట్టించును. ఒడలు బలిసిన కొలది లెప్టిను హెచ్చును, అడిపోనెక్టిను తగ్గును. అడిపోనెక్టిను ఇన్సులిను మాటను కండలు వినునట్లు చేయునది. అది తక్కువగానున్న తట్టువలకు గిట్టల వాపు వచ్చు అవకాశము ఎక్కువ యని బ్రిటనులో జరిగిన పరిశీలనలు తెలుపుచున్నవి.

మూడవది మెదడు అడుగున నుండు పిట్యూటరీ గ్రంథి. పదునైదేండ్లు దాటిన గుర్రములలో కొన్నిటికి ఈ గ్రంథి వశము తప్పి, ఏ.సీ.టీ.హెచ్. అను హార్మోనును అతిగా విడుచును. ఒంటి వెండ్రుకలు పొడవుగా పెరిగి కాలమునకు రాలకుండుట దీని గుర్తు. ఆరోగ్యముగల గుర్రములోను ఈ హార్మోను వేసవి చివర, ఆకురాలు కాలమున కొంత హెచ్చును. రోగముగల గుర్రములో మిక్కిలి హెచ్చును. చల్లని దేశములలో వానలకు పచ్చిక మరల చిగిర్చునదియు ఆ దినములలోనే. కనుక ముసలి తట్టువలకు ఆ కాలము రెండు విధముల గండము. ఈ రోగమునకు పెర్గొలైడు అను మందు కలదు.

పచ్చికలో చక్కెర ఎప్పుడు హెచ్చును?

ఇది రైతు బాగుగా గ్రహింపవలసిన భాగము. గడ్డి పగటి వెలుతురులో చక్కెరను తయారుచేసికొనును, రాత్రి ఆ చక్కెరను వాడుకొని పెరుగును. కనుక తెల్లవారుజామున గడ్డిలో చక్కెర తక్కువ. ప్రొద్దెక్కిన కొలది పెరిగి సాయంకాలమునకు అత్యధికమగును.

అయితే దీనికి ఒక మినహాయింపు కలదు. రాత్రి గడ్డకట్టు చలి పడినచో గడ్డి పెరుగదు. పగలు చేసిన చక్కెర ఖర్చు కాక నిలిచిపోవును. మంచు కురిసిన మరునాడు ఎండ కాసినచో ఉన్నదానిపై ఇంకను చేరును. అట్టి ఉదయమున "తెల్లవారుజామే గదా" అని తట్టువను విడుచుట పొరపాటు. నీరెద్దడి వలన ఎదుగుదల ఆగి ఎండలో నిలిచిన గడ్డియు ఇట్టిదే. పొట్టిగా, వాడి ఉన్నది గనుక బలము లేదనుకొనరాదు.

గడ్డి జాతిని బట్టియు భేదమున్నది. రై గడ్డి మొదలగు చల్లని దేశపు గడ్డులు మిగులు చక్కెరను ఫ్రక్టాను రూపమున కాడ మొదళ్లలో దాచుకొనును. ఆ నిలువ చాలా ఎక్కువగా పెరుగగలదు. మన గరిక, రోడ్సు గడ్డి వంటి ఉష్ణదేశపు గడ్డులు పిండి రూపమున ఆకులలో దాచుకొనును. ఆ నిలువకు ఒక హద్దు కలదు. కనుక సాధారణముగా వీనిలో అపాయము తక్కువ. కాని పిండి తుదకు చక్కెరగానే మారి ఇన్సులినును లేపును. గరిక గదా అని బలిసిన తట్టువను రేయింబవళ్లు మేపరాదు.

లెక్క వేసి చూడుడు

రెండువందల యేబది కిలోల తట్టువ యొకటి ఉన్నదనుకొందము. దినమునకు మూడు గంటలే విడిచినచో కొద్దిగా తినునని యజమాని తలంచును. కాని కొద్దిసేపే విడుతురని అలవాటు పడిన తట్టువలు త్వరత్వరగా మేసి, మూడు గంటలలోనే తమ బరువులో నూటికి ఒక వంతు ఎండు పదార్థమును తినగలవని పరిశోధనలలో తేలినది. అనగా రెండున్నర కిలోలు. గడ్డిలో నూటికి 20 వంతులు ఎండు పదార్థ మనుకొన్నచో అది పన్నెండున్నర కిలోల పచ్చిగడ్డి. ఆ ఎండు పదార్థములో చక్కెర, పిండి, ఫ్రక్టాను కలిసి నూటికి 20 వంతులున్నచో మూడు గంటలలో అర కిలో లోనికి పోయినట్లే. దానిలో ఫ్రక్టాను భాగము పెద్దప్రేగునకు పోయి పులియును. తక్కిన చక్కెర, పిండి ఇన్సులినును లేపును. కావున గంటలు తగ్గించుట ఒక్కటే చాలదు. నోటికి అందునది తగ్గింపవలెను.

చేయవలసిన పనులు

1. బరువు కొలుచుట. కంటికి నమ్మిక లేదు. ముంగాళ్ల వెనుక ఛాతి చుట్టుకొలతను, భుజపు మొన నుండి పిరుదు మొన వరకు పొడవును సెంటీమీటర్లలో కొలువవలెను. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే హెచ్చించి, దానిని పొడవుతో హెచ్చించి, 11,900 చేత భాగించినచో బరువు కిలోలలో ఉరమరగా వచ్చును. చుట్టుకొలత 148, పొడవు 135 అయినచో బరువు సుమారు 248 కిలోలు. నెలకొకసారి కొలిచి వ్రాసియుంచవలెను.

2. మెడను తడవి చూచుట. జూలు క్రింద మెడ గట్టుకట్టి, గట్టిపడి, ప్రక్కకు కదలనిచో అది బలము కాదు, ప్రమాద సూచన. ప్రక్కటెముకలు కంటికి కనబడక, చేతికి తగులవలెను. చేతికి కూడ తగులనిచో తట్టువ బలిసినదన్నమాట.

3. చిక్కము కట్టుట. నూర్పిడిలో ఎడ్ల మూతికి కట్టు చిక్కము వంటిదే అడుగున చిన్న రంధ్రముతో తట్టువలకు కలదు. దాని గుండా నీరు త్రాగవచ్చును, గడ్డి కొనలు కొద్దికొద్దిగా అందును. సరిగా అమర్చినచో మేత సుమారు అయిదింట నాలుగు వంతులు తగ్గినట్లు పరీక్షలలో కనబడెను. మొదట కొద్దిసేపు కట్టి అలవాటు చేయవలెను. మూతి ఒరిసికొనుచున్నదేమో దినదినము చూడవలెను. రేయింబవళ్లు ఉంచరాదు.

4. పచ్చిక మాన్పించి ఎండుగడ్డి పెట్టుట. గిట్టల వాపు వచ్చిన తట్టువకును, పరీక్షలో ఇన్సులిను మిక్కిలి హెచ్చుగానున్న తట్టువకును పచ్చిక పూర్తిగా మాన్పవలెను. చక్కెర, పిండి కలిసి నూటికి 10 వంతులు మించని ఎండుగడ్డి మంచిది. పరీక్ష చేయించు వీలు లేనిచో గడ్డిని చన్నీట గంటసేపు నానబెట్టి, నీరు పారబోసి పెట్టవలెను. కొంత చక్కెర నీటిలో పోవును. ఎండకాలమున ఎక్కువసేపు నానబెట్టినచో పులియును. నానుటలో లవణములును పోవును గనుక ఖనిజ మిశ్రమము చేర్చవలెను.

5. దాణా మానుట. ఉలవలు, సెనగలు, జొన్నలు, తవుడు, బెల్లము ఇట్టి తట్టువకు తగవు. ప్రేమతో పెట్టు బెల్లపు ముక్కయు మానవలెను.

6. పని చెప్పుట. నడక, సవారి కండలు ఇన్సులిను మాట వినునట్లు చేయును. కాని గిట్టలు నొచ్చుచున్నప్పుడు నడిపించుట హాని. అప్పుడు మెత్తని ఇసుక లేక దట్టమైన పరుపు గడ్డి మీద నిలుపవలెను.

మందులు కొన్ని వైద్యుల చేతిలో కలవు. మేత దిద్దుకొనక మందులనే నమ్మినవారికి ఫలితము నిలువదు.

పస్తులుంచరాదు

మేత తగ్గింపుమనగానే కొందరు పూర్తిగా పస్తు పెట్టుదురు. ఇది మరియొక ఆపద. తట్టువలలోను, గాడిదలలోను మేత హఠాత్తుగా నిలిచినచో ఒంటి కొవ్వంతయు కరిగి రక్తములోనికి వచ్చి కాలేయమును ముంచివేయును. ప్రాణము పోవచ్చును. చూలు గాడిదలకు ఇది మరింత భయము. తట్టువ బరువులో నూటికి ఒకటిన్నర వంతు ఎండు పదార్థము పెట్టుచు మెల్లగా చిక్కింపవలెను. రెండువందల యేబది కిలోల తట్టువకు అది దినమునకు సుమారు నాలుగుంబావు కిలోల ఎండుగడ్డి. దానిని ఒకేసారి వేయక మూడు నాలుగు తడవలుగా వేయవలెను. అంతకంటె తగ్గింపవలెనన్న పశువైద్యుని సలహా లేకుండ చేయరాదు.

తొలి గుర్తులు

గిట్టల వాపు ఒక్కరాత్రిలో దిగినట్లు కనబడును గాని చాలదినముల ముందునుండియే గిట్ట చెడుచుండును. గిట్ట గోడ మీద గాట్లవంటి వలయములు ముందువైపున దగ్గరగా, మడమ వైపున ఎడముగా ఉన్నచో లోపల ఇంతకు మునుపే వాపు వచ్చిపోయినదని గ్రహింపవలెను. గట్టినేల మీద పొట్టి అడుగులు వేయుట, మలుపు తిరుగునప్పుడు జంకుట, ముంగాళ్లు ముందుకు చాచి బరువు వెనుక కాళ్ల మీద వేయుట, గిట్ట పైభాగమున నాడి గట్టిగా కొట్టుకొనుట రోగ లక్షణములు. ఇవి కనిపించిన దినముననే పచ్చిక మాన్పి వైద్యుని పిలువవలెను. రేపటికి చూతమనరాదు.

మన ప్రాంతమున

జట్కా బండ్ల కాలము గడచిపోయినది. ఇప్పుడు మన వద్ద తట్టువలు పెండ్లి ఊరేగింపులకును, పిల్లల సవారికిని, కొద్దిచోట్ల బరువు మోయుటకును మాత్రమే మిగిలినవి. బ్రిటిషు బీళ్లవంటి రై గడ్డి మనకు లేదు. కాని ఏడాదిలో కొన్ని వారములే పని చేసి, తక్కిన కాలమంతయు కట్టివేయబడి ఉలవలు, బెల్లము తిను తట్టువకు కొండజాతి తట్టువకు వచ్చిన స్థితియే రావచ్చును. గాడిదలును ఇట్టి పొదుపరి జంతువులే. పాల కొరకు గాడిదలను సాకువారు వానిని బలియనీయక, పస్తును పెట్టక నడుపుకొనవలెను. గ్రామములలోని పశుసంవర్ధక శాఖ సిబ్బందియు, గ్రామాధికారులును కుంటిన తట్టువను చూచినప్పుడు నాడాతోపాటు మెడను, మేతను కూడ విచారింపవలెనని మనవి.

తట్టువ తాను తిన్నదానిని లెక్కపెట్టుకొనలేదు. ఆ లెక్క యజమానిది. కొలిచి మేపిన చేయియే దానిని నాలుగు కాళ్ల మీద నిలుపును.